నూజివీడు మెట్టసీమలో వెలుగు చరిత్ర
(కిరసనాయిలు దీపము నుండి సౌరఫలకము వరకు)

సూర్యుని ప్రత్యక్షనారాయణుడని పెద్దలు కొలిచిరి. రథసప్తమి నాడు జిల్లేడాకులు తలపై నుంచుకొని స్నానమాడినవారే వైశాఖ జ్యేష్ఠములలో ఆ సూర్యునికే జడిసి తలుపులు మూసికొని కూర్చుందురు. అయినను ఆ మాసములలోనే నూజివీటి రసము తీపెక్కును. బంగినపల్లి పసుపు వన్నె దాల్చును. మండుటెండను మధురముగా మార్చు విద్య మామిడిచెట్టునకు అనాదిగా తెలియును. ఆ యెండనే దీపముగా మార్చు విద్య మనుష్యునకు నిన్న మొన్ననే పట్టుపడినది. ఆ విద్య పల్లెలకు ఏ త్రోవను వచ్చినది, ఎవరు తెచ్చిరి, ఇకమీదట దానిని ఎవరు నిలుపవలెను అను విషయములను క్రమముగా పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశము.

ఈ చరిత్రలో మొదటి నుండియు మూడు చేతులు కనిపించును. ఒకటి ప్రభుత్వము చేయి, అది ధనమిచ్చినది. రెండవది విద్యుత్ సంస్థ చేయి. అది తీగ లాగినది. మూడవది గ్రామము చేయి. ఇది చాచినచోట వెలుగు నిలిచినది. ముడుచుకొన్నచోట స్తంభము మిగిలి దీపము ఆరినది. గడచిన డెబ్బది యేండ్ల అనుభవమున తేలిన సారమిదియే.

మెట్టసీమ, మోటబావి

కృష్ణానదికి విజయవాడ యొద్ద తొలి ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని కాలువల క్రిందనున్న పల్లపు గ్రామములు వరిపంటలతో కళకళలాడినవి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతములు ఎత్తున నుండుటచే ఆ నీరు ఇచ్చటికి ఎక్కలేదు. ఎర్రనేల, వర్షమునకు ఎదురుచూచు చెరువులు, తమ్మిలేరు రామిలేరుల వంటి వానకాలపు వాగులు, ఇవియే ఈ సీమకు దక్కిన సంపద. ఇట్టి నేలలో బ్రతుకనేర్చిన చెట్టు మామిడి. చిన్నరసము, పెద్దరసము, చెరకురసము, బంగినపల్లి, కలెక్టరు కాయ ఈ సీమకు దేశమున పేరు తెచ్చినవి. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు అంతరించినవి. రైతు నేరుగా ప్రభుత్వమునకు శిస్తు కట్టువాడయ్యెను. తోట కాచుకొను భారముతోపాటు నీరు తోడుకొను భారమును అతనిదే అయ్యెను.

ఆ నీరు తోడుట ఎడ్లతో. మోటబావి గట్టున ఒక జత ఎడ్లు తెల్లవారుజాము మొదలు ఎండ ముదురువరకు వాలుదారిని దిగుచు ఎక్కుచు ఉండెడివి. కలిగినవారు ఆయిలింజను కొనిరి. ఇంటిలో బుడ్డిదీపము, ప్రయాణమునకు లాంతరు, పెండ్లికి పెట్రోమాక్సు లైటు. వీథి మొగలో పంచాయతీ నిలిపిన అద్దాల దీపమొకటి. ప్రొద్దు క్రుంకువేళ నిచ్చెన భుజమున వేసికొని వచ్చి ఆ దీపములు వెలిగించు పనివాడు పిల్లలకు వింత మనుష్యుడు. వెలుగనునది ఒక్కొక్క ఇంటి సొత్తే కాక ఊరందరి సొత్తు కూడ అను భావము పల్లెలో పుట్టినది ఆ వీథిదీపము క్రిందనే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన తరువాత ఊరూర వెలసిన పఠనమందిరములలోను అంతే. లాంతరు ఒకరిది, నూనె మరియొకరిది, చదువువాడు ఒక్కడు, వినువారు పదిమంది.

తీగ వచ్చిన దినములు

విద్యుచ్ఛక్తి మొదట పట్టణముల వెలుగు. 1910 నాటి భారత విద్యుత్ చట్టము క్రింద కంపెనీలు లైసెన్సులు పొంది, జనము చిక్కగానున్న వీథులలో తీగలు వేసినవి. పల్లెకు తీగ లాగుట వారికి గిట్టుబాటు కాదు. మైళ్ల కొలది స్తంభములు పాతినను, తుదకు వెలుగునవి పది పదునైదు బల్బులు మాత్రమే. ఈ చిక్కు విప్పుటకు లాభముకొరకు కాక ప్రజలకొరకు పనిచేయు సంస్థ కావలసివచ్చెను. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టము రాష్ట్రములలో విద్యుత్ బోర్డులకు దారితీసినది. ఆంధ్ర ఒరిస్సా రాష్ట్రములు కలిసి నిర్మించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము 1955లో పని ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడినది.

ఆ 1959లోనే మన రాష్ట్రమున పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైనది. ఈ రెండును ఒకే యేట కలిసి వచ్చుట పల్లెలకు మేలు చేసినది. తీగ వేయువారు ఒకరు కాగా, వీథిదీపములకు బిల్లు కట్టెదమని ముందుకు వచ్చువారు మరియొకరు. గృహములలో వెలుగు కోరువారు కొద్దిమందియైనను, బావికి మోటారు పెట్టుకొను రైతులున్నచోట బోర్డునకు లెక్క కుదిరెను. అందుచే అనేక గ్రామములలో తీగ ముందుగా చేలోని మోటారునకు, ఆ పిమ్మట ఇంటిలోని దీపమునకు వచ్చినది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ కేంద్రప్రభుత్వముచే స్థాపింపబడి, రాష్ట్ర బోర్డులకు అప్పులిచ్చి ఈ పనిని వేగిరపరచినది.

1970లో కరీంనగరం జిల్లా సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము వెలసినది. వాడుకదారులే సభ్యులు, వారే పాలకవర్గమును ఎన్నుకొందురు. బోర్డు వద్ద విద్యుత్తును టోకున కొని, తమ తీగలపై తామే పంచుకొనిరి. పాలసంఘమువలె వెలుగునకును సంఘము కట్టవచ్చునని తెలుగుదేశమున ఋజువు చేసినది సిరిసిల్ల.

1979లో కృష్ణాతీరమున ఇబ్రహీంపట్నమునందు విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రపు తొలి యూనిటు ప్రారంభమైనది. కృష్ణాజిల్లా కవుతరమున జన్మించి, విద్యుత్ బోర్డు అధ్యక్షుడుగా పేరొందిన డాక్టరు నార్ల తాతారావు పేరు తరువాత దానికి పెట్టబడినది. మామిడితోటల మోటార్లు ఆ నాటి నుండి సింగరేణి, తాల్చేరు బొగ్గుతో తిరుగసాగినవి.

వెలుగు వెనుక ఋణము

తీగ వచ్చినంత సులభముగా లెక్క కుదురలేదు. 1980ల ప్రారంభమున వ్యవసాయపు మోటార్లకు మీటరు తీసివేసి, అశ్వశక్తి లెక్కన నిర్ణీతమైన రుసుము పెట్టిరి. రైతునకు ఊరట కలిగినది. కాని ఎంత వాడినను రుసుము ఒక్కటే యగుటచే పొదుపు తలపు తగ్గెను. బావులు బోర్లయ్యెను, బోర్లు లోతయ్యెను, మోటారు పెద్దదయ్యెను. బోర్డు నష్టము ఏటికేడు పెరిగెను.

1998 నాటి సంస్కరణల చట్టము ననుసరించి 1999 ఫిబ్రవరి 1న బోర్డు ఉత్పత్తి సంస్థగను, ప్రసార సంస్థగను విడిపోయినది. 2000 ఏప్రిల్ 1న పంపిణీకి నాలుగు వేర్వేరు సంస్థలు ఏర్పడినవి. కృష్ణాజిల్లా దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ పరిధిలో చేరినది. 2020లో విజయవాడ కేంద్రముగా మధ్య ప్రాంత సంస్థ వేరుగా వెలసినది. ఛార్జీల పెంపునకు వ్యతిరేకముగా 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో జరిగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రకటింపబడినది.

ఉచితమైనను అది వేళకు రాలేదు. చాలకాలము సరఫరా రెండు విడతలుగా, అందొకటి రాత్రివేళ ఉండెడిది. చలిలో, చీకటిలో, టార్చిలైటు పట్టుకొని మోటారు వేయుటకు పోయిన రైతులు పాముకాటునకు, విద్యుద్ఘాతమునకు బలియైన వార్తలు పత్రికలలో తరచు కనబడెడివి. పగటిపూట తొమ్మిది గంటల సరఫరా అను విధానము 2019 తరువాతగాని గట్టిగా అమలునకు రాలేదు. పగలు సరఫరా చేయవలెనన్నచో పగలు పుట్టు విద్యుత్తు కావలెను. పగలు పుట్టు విద్యుత్తు సూర్యునిదే.

గ్రామ పంచాయతీల కష్టము వేరు. వీథిదీపములకు, మంచినీటి మోటార్లకు బిల్లులు కట్టలేక పంచాయతీలు పంపిణీ సంస్థలకు బాకీపడినవి. ఇంటిపన్ను చాలదు, పైనుండి వచ్చిన నిధిలో కొంత బాకీకి జమపడును, కాలువ మరమ్మతునకు, రోడ్డునకు మిగులునది తగ్గును. ఒకప్పుడు నిచ్చెన వేసి దీపము వెలిగించిన పంచాయతీయే ఇప్పుడు దీపమునకు ఋణగ్రస్తమయ్యెను.

ఎండ వెల దిగివచ్చిన కథ

వెలుతురు సోకినపుడు కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునని 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెకరెల్ గుర్తించెను. పనికివచ్చు సిలికాన్ సౌరఘటమును 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు తయారుచేసిరి. తొలిదినములలో దాని ఖరీదు ఉపగ్రహములకు తప్ప అన్యులకు అందునది కాదు. మన దేశమున సాహిబాబాదులోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో సౌరఘటమును, 1978లో సౌరఫలకమును తయారుచేసినది. మన రాష్ట్రమున సంప్రదాయేతర ఇంధనాభివృద్ధి సంస్థ 1986లో పని ప్రారంభించినది. సౌరలాంతర్లు, వీథిదీపములు, నీరు కాచు పరికరములు ఆ కాలపు ప్రయత్నములు. బ్యాటరీ నాలుగైదేండ్లకు చచ్చినపుడు క్రొత్తది వేయువాడు లేక, ఆ వీథిదీపములలో అనేకము స్తంభములుగా మాత్రమే మిగిలినవి. అది మొదటి పాఠము.

ఎండ వెల దిగుటకు రెండు దేశములలోని స్థానిక సంస్థలు దారి చూపినవి. అమెరికాలో శాక్రమెంటో నగరపు ప్రజా విద్యుత్ సంస్థ 1984లోనే ఒక మెగావాట్ సౌరకేంద్రమును నిర్మించినది. 1989లో ఓటర్లు తమ అణువిద్యుత్ కేంద్రమును మూయవలెనని తీర్పు చెప్పిన పిమ్మట, 1993 నుండి ఆ సంస్థ వాడుకదారుల యింటి కప్పులపై తన ఖర్చుతో తన ఫలకములను పెట్టసాగినది. ఇంటివారు కప్పునిచ్చి, నెలకు సుమారు నాలుగు డాలర్లు అధికముగా చెల్లించిరి. జర్మనీలో ఆఖెన్ నగరపాలకులు కప్పుపై పుట్టిన ప్రతి యూనిటునకు ఖర్చు గిట్టు ధర నిచ్చు పద్ధతిని 1990లలో నెలకొల్పిరి. అదియే దేశవ్యాప్త చట్టమై 2000 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. ఆంధ్రప్రదేశమున పంపిణీ సంస్థలు పుట్టిన దినమును అదియే యగుట చిత్రము. అచ్చట ఫలకములకు గిరాకి పెరిగి కర్మాగారములు హెచ్చినవి. కర్మాగారములు హెచ్చి ధర తగ్గినది.

మన దేశమున జాతీయ సౌర ప్రణాళిక 2010 జనవరిలో ప్రారంభమైనది. ఆ సంవత్సరాంతపు వేలములో యూనిటు ధర సగటున 12 రూపాయలు దాటెను. 2017 ఏప్రిలులో కడపజిల్లా కేంద్రమునకు జరిగిన వేలములో అది 3 రూపాయల 15 పైసలకు, మరుసటి నెలలో రాజస్థానములోని భడ్లా యొద్ద 2 రూపాయల 44 పైసలకు దిగెను. కర్నూలుజిల్లాలో వేయి మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తియైనది. వ్యవసాయ సరఫరా కొరకు 7,000 మెగావాట్ల సౌరవిద్యుత్తును యూనిటు 2 రూపాయల 49 పైసలకు కొనుటకు 2021 డిసెంబరులో రాష్ట్రము ఒప్పందము చేసికొనెను. అది పిమ్మట వివాదములకు లోనైనది. వివాదము నటుంచినను ఒక విషయము గమనింపదగినది. ఆ విద్యుత్తు పుట్టవలసినది రాజస్థానపు ఎండలో. మన కప్పులపై పడు ఎండ మాత్రము ఊరకే కాగి చల్లారుచున్నది.

పంచాయతీకి వచ్చిన అధికారము

రాజ్యాంగపు 73వ సవరణము 1993లో అమలునకు వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు 14వది గ్రామీణ విద్యుదీకరణము, 15వది సంప్రదాయేతర ఇంధన వనరులు, 20వది గ్రంథాలయములు. దీపమును గ్రంథమును ఒకే పట్టికలో నిలిచినవి.

అధికారము కాగితముపై వచ్చినను, దానికి చేయూత ఆలస్యముగా వచ్చినది. 2019లో కేంద్రము ప్రారంభించిన కుసుమ్ పథకములో, సబ్‌స్టేషనుకు దగ్గరగా బంజరు భూమిలో అర మెగావాట్ నుండి రెండు మెగావాట్ల వరకు సౌరకేంద్రము పెట్టుకొనుటకు రైతులకు, సహకార సంఘములకే గాక పంచాయతీలకును అవకాశము కల్పింపబడినది. అందు పుట్టిన విద్యుత్తును పంపిణీ సంస్థ 25 సంవత్సరములు కొనవలెను. విజయనగరం జిల్లా సవరవిల్లి ఫీడరు క్రింద తూర్పు ప్రాంత పంపిణీ సంస్థ 250 సౌరమోటార్లను తీగతో కలిపి పెట్టినది. చేనికి చాలగా మిగిలిన విద్యుత్తు తీగలోనికి పోవును. రైతునకు యూనిటుకు కొంత సొమ్ము జమయగును. నీరు పొదుపు చేసిన రైతునకు డబ్బు వచ్చుట ఇందలి విశేషము. ఉచిత విద్యుత్తు నేర్పలేని పొదుపును ఇది నేర్పగలదు. మామిడితోటకు దీని ఉపయోగము మెండు. వరివలె మామిడికి ఏడాది పొడుగున నీరక్కరలేదు. లేతమొక్కలకు, పిందె నిలిచిన దినములలో పెద్దచెట్లకు తడి చాలును. మిగిలిన మాసములలో తోటలోని ఫలకము తీగకు పనిచేయగలదు.

2024 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము కోటి యిండ్లకు ఉద్దేశింపబడినది. దాని వ్యయము 75,021 కోట్ల రూపాయలు. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్ ఒక్కింటికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, మొత్తము 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. తన పరిధిలో కప్పుపై ఫలకము వెలసిన ప్రతి యింటికి పంచాయతీకి లేక పురపాలక సంఘమునకు 1,000 రూపాయల ప్రోత్సాహకము కలదు. జిల్లాకొక ఆదర్శ సౌరగ్రామమును పోటీలో ఎన్నుకొని కోటి రూపాయలు ఇచ్చు ఏర్పాటు కూడ అందులోనిదే. పోటీకి 5,000 మించిన జనాభాగల గ్రామములు అర్హములు. 2022 ఏప్రిల్ 4 నుండి నూజివీడు ఏలూరు జిల్లాలో చేరియున్నందున, ఈ సీమలోని గ్రామములు ఆ జిల్లా గ్రామములతో పోటీపడవలసియుండును.

రాష్ట్రప్రభుత్వము 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానమును ప్రకటించినది. షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు రెండు కిలోవాట్ల ఫలకములు ఉచితముగా పెట్టించు బాధ్యతను పంపిణీ సంస్థలకు అప్పగించినది; వెనుకబడిన తరగతుల వారికి అదనముగా 20,000 రూపాయలు ఇచ్చుటకు నిశ్చయించినది. 2025 జనవరిలో కుప్పం మండలము నడిమూరు గ్రామమున ఈ పని ప్రయోగపూర్వకముగా ఆరంభమైనది. శాక్రమెంటోలో ముప్పది యేండ్ల క్రిందట జరిగినట్లే, ఇచ్చటను విద్యుత్ సంస్థయే కప్పు మీదికి ఎక్కివచ్చినది.

లెక్కయు జాగ్రత్తయు

ఒక కిలోవాట్ ఫలకములకు సుమారు నూరు చదరపుటడుగుల నీడ లేని స్థలము కావలెను. ఎండ బాగుగానున్న దినమున అది నాలుగు యూనిట్లు ఇచ్చును. రెండు కిలోవాట్లు నెలకు 240 యూనిట్లు. సామాన్య గృహమునకు అది చాలును. పగలు మిగిలినది తీగకు పోవును, రాత్రి కావలసినది తీగ నుండి వచ్చును. ఇచ్చినది పుచ్చుకొన్నది రెండును వ్రాయు నెట్ మీటరు లెక్క తేల్చును.

ఊరిలెక్క చూతము. ఇరువది వాట్ల వీథిదీపములు రెండువందలుగల గ్రామమున రాత్రికి పన్నెండు గంటలు అవి వెలిగినచో 48 యూనిట్లగును. ఆ 48 యూనిట్లను పగటివేళ పుట్టించుటకు 12 కిలోవాట్లు, అనగా పండ్రెండువందల చదరపుటడుగులు చాలును. బడి కప్పు, పంచాయతీ కార్యాలయపు కప్పు కలిసిన ఆ స్థలము దొరకును. గ్రంథాలయమునకు అంతయు అక్కరలేదు. నాలుగు పంకాలు, ఆరు దీపములు దినమునకు ఐదు గంటలు నడచినను రెండు యూనిట్లు మించదు. ఒక్క కిలోవాట్ పెట్టినచో పఠనమందిరమునకు సరిపోయి, తక్కినది ఊరికి మిగులును.

ఇక జాగ్రత్తలు. తోటల ఊళ్లలో పెరటి మామిడి కొమ్మ కప్పుపైకి వాలియుండును. ఫలకములో ఒక మూల నీడపడినను దాని పని బాగుగా తగ్గును. అంగట్లో అన్నీ ఉన్నను అల్లుని నోట శని యన్నట్లు, ఆకాశమంత ఎండయున్నను కొమ్మ నీడ చెరచును. చెట్టు కొట్టనక్కరలేదు; స్థలము ఎంచుకొనుటలో తెలివి కావలెను. ఎర్రదుమ్ము పట్టిన ఫలకమును ఉదయమో సాయంకాలమో నీటితో కడుగవలెను. వేసవిలో పిందెను రాల్చు గాలివానయే వదులుగా బిగించిన ఫలకమును ఎగురగొట్టును. తీగతో కలిసిన ఫలకము, బ్యాటరీ లేనియెడల, ఊరిలో కరెంటు పోయినపుడు తానును ఆగిపోవును. ఇది లోపము కాదు. స్తంభమెక్కిన లైన్‌మాన్ ప్రాణము కాచుటకు చేసిన ఏర్పాటు. ఈ మాట ముందు తెలియక పలువురు ఫలకమును నిందింతురు.

బీహారములోని ధర్నయి గ్రామమునకు 2014లో నూరు కిలోవాట్ల సౌరకేంద్రము వచ్చినది. దేశమంతయు దానిని మెచ్చుకొన్నది. కొన్నాళ్లకు తీగ విద్యుత్తు చవుకగా ఊరిలోనికి వచ్చెను, బ్యాటరీలు చచ్చెను, మరమ్మతునకు సొమ్ము కూడలేదు. కేంద్రము మూలబడినది. గుజరాతులోని మొధేరా 2022 అక్టోబరులో సౌరగ్రామముగా ప్రకటింపబడినది. అచ్చట ఇంటికప్పులు, సమీపమున పెద్ద కేంద్రము, బ్యాటరీ, తీగ అన్నియు ఒక్కటిగా పనిచేయునట్లు అమర్చిరి. ధర్నయిలో తీగయు ఫలకమును పోటీపడినవి, మొధేరాలో కలిసికొనినవి. విద్యుత్ సంస్థను వదలి ఊరు, ఊరిని వదలి విద్యుత్ సంస్థ ఈ పని చేయజాలవు.

కప్పు లేనివాని మాట

ఈ పథకములన్నియు కప్పును ఆశ్రయించినవి. డాబా యున్నవానికి ఫలకము సులభము. పెంకుటింటివానికి కష్టము. తాటాకు ఇంటివానికి, అద్దె యింటివానికి అసాధ్యము. తోటలో కాపుండు కూలివానికి కప్పే తనది కాదు. వెలుగు డాబాలకు మాత్రమే పరిమితమైనచో, నిచ్చెన వేసి వీథిదీపము వెలిగించిన నాటి ధర్మము తప్పినట్లే.

దీనికి మార్గము లేకపోలేదు. ఒకచోట ఫలకములు పెట్టి, అందు పుట్టిన యూనిట్లను పలు ఇండ్ల మీటర్లకు పంచి జమకట్టు పద్ధతిని కేంద్రపథకపు నిబంధనలు అంగీకరించినవి. పంచాయతీ బంజరు, చెరువుగట్టు, బడికప్పు ఇట్టి ఉమ్మడి ఫలకములకు చోటియ్యగలవు. ఎవరికి ముందు, ఎంత వంతు అను నిర్ణయము గ్రామసభలో బహిరంగముగా జరుగవలెను. పట్టిక గోడకు అంటింపవలెను. నెలకు ఎన్ని యూనిట్లు పుట్టినవి, ఎంత జమయైనది అను లెక్క అందరు చూడగల చోట వ్రాయవలెను.

ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను కట్టుట ఆంధ్రదేశమునకు కొత్త కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టములోను అది కలదు. ఒక్కొక్కరు ఇచ్చునది పైసలు, చేరినచో పుస్తకమగును. అట్లే బిల్లులో మిగిలిన సొమ్మునుండి కొంత విడిగా తీసి మరమ్మతు నిధిగా బ్యాంకులో వేసినచో, పది పండ్రెండేండ్లకు ఇన్వర్టరు చెడినపుడు ఊరు ఎవరి గుమ్మము ముందు నిలువనక్కరలేదు. ఫలకము ఇరువదియైదేండ్లు పనిచేయును. ఒక గ్రంథాలయమునకు రజతోత్సవము వచ్చు కాలమది. ఆంధ్రులు ఆరంభశూరులను అపవాదు పాతది. ఆరంభించుటకు ప్రభుత్వము సొమ్మిచ్చును. ఇరువదియైదవ యేడు చూచుట గ్రామము పని.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని సామెత. సహాయధనము ఎల్లకాలము ఉండదు, పథకములు మారును. నిచ్చెన భుజాన వేసికొని ప్రొద్దుక్రుంకువేళ వీథిలో నడచిన ఆ పనివాడు ప్రతి సాయంకాలము వచ్చెను గనుకనే దీపము వెలిగినది. నేడు ఫలకము తుడుచువాడు, మీటరు చూచువాడు, లెక్క వ్రాయువాడు అతని వారసులు. వారు ఊరిలోనే పుట్టవలెను. వారికి కావలసిన లెక్కపుస్తకము, నిబంధనల ప్రతి, వార్తాపత్రిక పల్లె గ్రంథాలయపు బల్లమీద ఉండవలెను. అపుడు మామిడికి తీపినిచ్చిన ఎండయే పఠనమందిరమున రాత్రి ఎనిమిది గంటలకు పిల్లవాని పుస్తకముపై వెలుగై నిలుచును.